నలుపు తెలుపుల్లో నాలుగు రోజుల పారిస్

నీటిగుంట మీదుగా దూకే మనిషి, నీటికి వెంట్రుకవాసి దూరంలో మడమ. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెస్సన్ 1932లో పారిస్‌లోని సాన్ లజార్ రైల్వే స్టేషను వెనక కంచె సందులోంచి తీసిన ఆ ఫొటో మీది మోజుతో మొదటి ఉదయమంతా అక్కడే పడిగాపులు పడ్డాను. దండగ. ఇప్పుడక్కడ పట్టాల మీద వంతెన, దాని మీద కార్ల వరస. నాకు ఒక్క ఫ్రేమూ దక్కలేదు.

బసలోనూ తప్పు చేశాను. గది విశాలంగా ఉందని శివార్లలో దిగాను. రైలెక్కి ఊళ్లోకి చేరేసరికి పొద్దుటి ఏటవాలు వెలుగు కాస్తా పోయేది. మూడో రోజున ఊరి నడిబొడ్డునున్న ‘మరే’ (Marais) అనే పేటకు మారాను. అయిదో అంతస్తు, లిఫ్టు లేదు, మంచం కిర్రుమంటుంది. అయినా మిట్టమధ్యాహ్నం వచ్చి నడుం వాల్చి, కెమెరాలో ఫిల్ము రోలు మార్చుకుని వెళ్లగలిగాను. 2018లో అక్కడికే మారిన కార్టియర్ బ్రెస్సన్ ఫౌండేషన్ అనే ఫొటోల ప్రదర్శనశాలకు నడిచే వెళ్లవచ్చు. చిన్నదే కానీ టికెట్టుకు న్యాయం చేస్తుంది.

బార్బెస్ అనే పేటలో మెట్రో వంతెన కింద బుధ, శనివారాల ఉదయాల్లో సంత జరుగుతుంది. రంగుల్లో అయితే పళ్ల గుట్టలే కళ్లను లాగేస్తాయి. నలుపు తెలుపుల్లో చేతులు మిగులుతాయి: బేరమాడేవి, చిల్లర లెక్కపెట్టేవి. చీకటిగా ఉండటంతో 400 ఫిల్మును 800గా వాడాను, అంటే దానికి కావలసిన వెలుగులో సగమే ఇచ్చాను; ఆ లోటును తర్వాత కడిగేటప్పుడు ఎక్కువసేపు కడిగి పూడ్చాలి. వద్దని చెయ్యి ఊపితే కెమెరా దించేయాలి. ఫ్రాన్సులో మనిషికి తన ఫొటో మీద చట్టపరమైన హక్కుంది.

నా ఓటు మాత్రం సేన్ నది మీది బిర్ హకీమ్ వంతెనకే. పైన 6వ లైను మెట్రో, కింద బారులు తీరిన ఇనుప స్తంభాలు. అక్టోబరు సాయంత్రపు ఎండలో నేలంతా నీడల చారలు. ఫోకస్ రెండున్నర మీటర్లకు పెట్టి కాచుకున్నాను. చక్రాల సంచి లాక్కుంటూ ఒక పెద్దాయన వచ్చారు. టోపీ అంచు తెల్లగా మెరవగానే నొక్కాను. ఆయన ఆగి, వంగి, బూటు లేసు ముడేసుకున్నారు. అదీ తీశాను.

ఫిల్ము రోళ్లను పారిస్‌లోనే ఒక ల్యాబులో కడగడానికి ఇచ్చాను. 800కు కడగమని చీటీ మీద రాసినా 400కే కడిగారు. క్షమాపణ చెప్పారు, డబ్బూ వెనక్కిచ్చారు. సంత మాత్రం తిరిగి రాలేదు. నెగెటివుల్లో నీడలన్నీ ఖాళీ. ఎండలో తీసినవి కాబట్టి వంతెన ఫొటోలు బతికాయి. టోపీ ఫొటో ఫరవాలేదు. లేసు ఫొటో గోడకెక్కింది.