బెంగళూరులో రెండు రోజుల బ్లూస్, రెండు రాత్రుల గీజర్

దిండు గలీబు మీద విభూతి మరక పడిందని రూము డిపాజిట్‌లో 300 రూపాయలు కోసుకున్నారు. ఈ ముక్క ముందు కక్కేస్తే తప్ప మిగతాది రాయలేను.

మా తమ్ముడు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తాడు. ఖాళీ దొరికితే బేస్ గిటార్ పట్టుకుంటాడు. శని, ఆదివారాలు అక్కడ జరిగే బ్లూస్, జాజ్ అనే అమెరికా సంగీతాల ఫెస్టివల్‌కి వాడే మూడు పాసులు కొన్నాడు. ఒక్కోటి 2,999. బుకింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి మూడింటికీ 9,870 అయింది. నాన్న తెనాలిలో ముప్పై ఏళ్ళు వయొలిన్ పాఠాలు చెప్పిన మనిషి. "ఆ గోల వినడానికి పదివేలా?" అని గుంటూరు ప్లాట్‌ఫారం మీద మొదలుపెట్టారు. శుక్రవారం సాయంత్రం కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, పొద్దున్నే యశ్వంతపూర్‌లో దిగాం. అక్కణ్ణుంచి మెట్రో, మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కి మారడం, మనిషికి 90. ఇంతవరకూ ఏ గొడవా లేదు.

గొడవ రూముతో మొదలైంది. తమ్ముడుండే పీజీ హాస్టల్లో ఆడవాళ్ళని రానివ్వరు కాబట్టి మా ఇద్దరికీ ఆన్‌లైన్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్ బుక్ చేశాడు. రాత్రికి 2,800. ఫోటోల్లో బాల్కనీ, బాల్కనీ ఎదురుగా పెద్ద చెట్టు. తీరా వెళ్తే ఆ బిల్డింగ్ ఫుల్ అట, పక్క సందులో "అదే ఓనర్‌ది" ఇంకోటి ఉందట. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. నాన్నకి అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పే. బాల్కనీ తలుపు తీస్తే చెట్టు లేదు, కింద జనరేటర్ ఉంది.

మేనేజర్ మదనపల్లి అబ్బాయి. నా మాట వినగానే "అక్కా, మన తెలుగోళ్ళే కదా" అని మొహం వెలిగించాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, పొద్దున తొమ్మిదికే దిగాం కాబట్టి అదనంగా 800 కట్టాలన్నాడు. ముందే దిగొచ్చని బుకింగ్‌లో ఉంది కదా అని ఫోన్ చూపించా. "దిగొచ్చక్కా, ఫ్రీ అని యాడుంది? నేనేం చేసేది, ఓనర్ ఒప్పుకోడు" అన్నాడు. ఇంకో 1,000 డిపాజిట్. గీజర్ ఆరు నుంచి ఏడు వరకేనని గోడ మీద కన్నడంలో, ఇంగ్లిషులో రాసి ఉంది. తెలుగులో మాత్రం నోటితో చెప్పాడు, అదీ స్నానానికి వెళ్ళాక. నాన్న చన్నీళ్ళు పోసుకుని, విభూతి పెట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా పడుకున్నారు. నాన్న తిట్టకపోతేనే నాకు భయం.

పాస్ మీద మూడు గంటలని ఉంటే "మూడింటికి ఎవడూ రాడక్కా, పోస్టరు మీద పేరున్నాయన ఎనిమిదిన్నరకి" అన్నాడు తమ్ముడు. ఆ జనరేటర్ హోరులో కూర్చోలేక నేనే అందర్నీ బయల్దేరదీశాను. ఈ రెండు రోజుల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే.

గేటు దగ్గర మంచినీళ్ళ సీసా లాగేసుకున్నారు. లోపల అర లీటరు 60. డబ్బులు తీసుకోరు, చేతికి ఒక పట్టీ కట్టి అందులో కనీసం 1,000 వేయించుకోమంటారు. వాడుకోనిది వెనక్కి రాదు. ఈ సంగతి పట్టీ వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మాది 340 అలాగే పోయింది. వెజ్ రోల్ 280. దాని గురించి చెప్పేంత రుచి లేదు.

మూడున్నరకి స్టేజీ ముందు నలభై మంది ఉంటారేమో. డెబ్బై ఏళ్ళుంటాయి, ఒక పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. మెడకి కట్టిన కమ్మీలో హార్మోనికా, ఒళ్ళో పళ్ళెంలా మెరిసే గిటారు, చిటికెన వేలికి గాజు గొట్టం. ఆ గొట్టాన్ని తీగ మీద జార్చగానే నాన్న తల తిప్పారు.

"ఏరా, గమకం పలికిస్తున్నాడేంట్రా?"

గమకమంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం. తర్వాత తొడ మీద ఎనిమిది దెబ్బల ఆదితాళం మొదలైంది. కాసేపటికి "సరిగ్గా ఆరు ఆవర్తనాలకి మొదటికొస్తున్నాడు" అన్నారు. బ్లూస్‌లో ఒక చుట్టుకి పన్నెండు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది అని తమ్ముడు చెప్తుంటే "అదేగా నేనంటున్నది" అని కసిరారు. ఇంకో పాటకి "శుద్ధధన్యాసి!" అని పైకే అనేశారు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ రాగంలో స గ మ ప ని, అంతే, వీళ్ళు మైనర్ పెంటాటానిక్ అంటారు. "కానీ మధ్యలో ప్రతిమధ్యమం తగిలించి పారిపోతున్నాడు చూడు, దొంగ." మామూలు మ కంటే కాస్త పైనుండే ఆ దొంగ స్వరమే బ్లూస్ నోట్ అని తమ్ముడు చెప్తే, నాన్న నవ్వడం ఆ రోజుకి అదే మొదటిసారి.

అయిపోయాక నాన్నే వెళ్ళి పలకరించారు. నేను ఇంగ్లిషులో ఏదో చెప్పబోతుంటే ఆయన "చెప్పండి సార్, తెలుగొస్తుంది. మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్" అన్నాడు. ఆంగ్లో ఇండియన్. తండ్రి బంగారు గనిలో పనిచేశాడట. గనులు 2001లో మూతపడ్డాయి, అప్పటికే ఈయన బెంగళూరు చేరాడు. వైట్‌ఫీల్డ్ అసలు పుట్టిందే 1880లలో, మైసూరు మహారాజు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియన్ల ఊరుగా. అక్కడే మూడేళ్ళుగా ఉంటున్న మా తమ్ముడికి ఈ సంగతి ఆయన చెప్తేనే తెలిసింది.

ఆ గిటారుకి అంత లోహపు మోత ఎందుకని నాన్న అడిగారు. లోపల స్పీకరు లాంటి సన్నటి లోహపు శంకువు ఉంటుందట. 1920లలో, కరెంటు గిటార్లు రాకముందు, డాన్సు హాళ్ళలో బాకాల మధ్య గిటారు వినపడక అమెరికాలో ఇలా చేశారట. నాన్న వెంటనే "మా చౌడయ్య గారిదీ ఇదే బాధ" అన్నారు. మైకుల్లేని కచేరీల్లో చివరి వరస దాకా వినిపించాలని మైసూరు చౌడయ్య వయొలిన్‌కి ఏడు తీగలు కట్టించుకున్నారు. ఇద్దరూ పది నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నారు, మేం నిలబడి చూశాం.

మాటల్లో రూము ఎలా ఉందని అడిగాడు పెద్దాయన. నాన్న పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఒలకబోశారు. "అయితే మీ దగ్గర బ్లూస్ ఉంది సార్" అన్నాడు ఆయన. ఒక లైను పాడు, అదే మళ్ళీ పాడు, మూడోదాంట్లో జవాబు చెప్పు, అంతేనట. మిసిసిపీ పత్తి చేలల్లో కష్టం చేసిన నల్లజాతి వాళ్ళు తమ బాధల్ని పాడుకున్న పద్ధతి అది. పత్తి అనేసరికి గుంటూరు వాళ్ళం, ఊరికే తల ఊపాం. ఆయన గాజు గొట్టం జార్చి అక్కడికక్కడే అందుకున్నాడు:

"గీజర్ తిప్పితే గాలొచ్చె,
అయ్యో, గీజర్ తిప్పితే గాలొచ్చె,
అద్దె మాత్రం ముందే పుచ్చె!"

పుచ్చడమేంటని నాన్న వ్యాకరణం పట్టుకున్నారు. "రైమ్ సార్" అన్నాడాయన.

ఇక పెద్ద పేరున్నాయన సంగతి. అమెరికా నుంచి వచ్చిన గిటారిస్టు, పోస్టరులో సగం ఆయన మొహమే. ఎనిమిదిన్నర అన్నారు. సౌండ్ చెక్ అంటూ తొమ్మిది ఇరవైకి వచ్చాడు. మన దేశంలో ఆరుబయట రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 సంవత్సరం నుంచీ నియమం ఉంది, బెంగళూరు పోలీసులు దాన్ని గట్టిగానే పట్టించుకుంటారు. అంటే నలభై నిమిషాలు. అందులో పది నిమిషాలు పాతకాలపు బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ తన గిటారుకి లూసిల్ అని ఎందుకు పేరు పెట్టుకున్నాడో చెప్పాడు. డాన్సు హాలుకి నిప్పంటుకుంటే లోపలున్న గిటారు కోసం మంటల్లోకి పరిగెత్తాడని, ఆ మంటలకి కారణమైన కొట్లాట లూసిల్ అనే ఆమె గురించని. కథ బాగుంది, నిజం కూడా. కానీ మూడు వేలకి ముప్పై నిమిషాల వాయిద్యం. వాయిస్తున్నంతసేపూ బీరు కౌంటరు దగ్గర జనం ఒకటే మాటలు. "మన సభల్లో కచేరీ మధ్యలో లేచి కాంటీన్‌కి పోతారు. వీళ్ళు కాంటీన్‌నే కచేరీలోకి తెచ్చుకున్నారు" అన్నారు నాన్న. సరిగ్గా పదికి మైకు ఆగింది.

ఆదివారం పొద్దున మల్లేశ్వరం వెళ్ళాం. సీటీఆర్ హోటల్లో నలభై నిమిషాలు నిలబడ్డాక బెన్నె (వెన్న) మసాలా దోసె. అంచు కరకర, లోపల మెత్తన, చేతికి వెన్న. నిలబడినందుకు నాన్నకి కోపం రాలేదంటే అర్థం చేసుకోండి. దగ్గర్లోనే చౌడయ్య మెమోరియల్ హాలు. 1980లో కట్టారు, భవనమే వయొలిన్ ఆకారంలో ఉంటుంది. ఆ రోజు లోపలికి వెళ్ళడం కుదరలేదు. నాన్న రోడ్డు మీద నిలబడి, తీగలేవి, బిరడాలేవి అని వేలితో చూపిస్తూ పావుగంట ఉన్నారు. ఆటోవాడు వెయిటింగ్ 50 అడిగాడు. ఇచ్చేశా, బేరమాడలేదు.

మధ్యాహ్నం మళ్ళీ మూడింటికే చేరాం, ఈసారి తొందరపెట్టింది నాన్న. ఒక జాజ్ బృందం, నలుగురు: పియానో, శాక్సోఫోన్, నిలువు బేస్, డ్రమ్స్. శాక్సోఫోన్ అంటే మా ఇంట్లో దాని మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాలనాథే, కాబట్టి మొదట నాన్న మొహం అదోలా పెట్టారు. శాక్సోఫోన్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు వంతులు వేసుకున్నప్పుడు మాత్రం "తని ఆవర్తనం" అని, మన కచేరీల్లో మృదంగం వంతు వచ్చినప్పటిలా, ముందుకు జరిగారు. ఒక్కొక్కరి వంతు అవగానే జనం చప్పట్లు కొట్టడం ఆయనకి నచ్చింది, మనవాళ్ళు పాట చివరిదాకా దాస్తారు కదా. ఆ తర్వాత బెంగళూరు కుర్రాళ్ళు కొన్నక్కోల్‌తో, అంటే తాళం జతుల్ని నోటితో పలకడంతో, వచ్చారు. ఈ ఊళ్ళో అది కొత్తేం కాదు. కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వాళ్ళు, గాయని ఆర్.ఎ. రమామణి, అమెరికన్ శాక్సోఫోనిస్ట్ చార్లీ మారియానోతో కలిసి 1983లోనే రికార్డు చేశారు. అదే ఏడాది మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ పిల్లవాడుగా బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించాడు. నెల్లూరు కవి పఠాభి గారి అబ్బాయి కోణార్క్ రెడ్డి బెంగళూరులో పేరున్న గిటారిస్టు. ఇదంతా తమ్ముడికి నాన్న చెప్పారు. నేర్పిద్దామని తీసుకొచ్చినవాడు నోరు తెరిచి విన్నాడు.

ఆదివారం చివరి బ్యాండ్ ఉండగానే తొమ్మిదికి లేచి వచ్చేశాం. మోకాళ్ళు, నాలుగో అంతస్తు.

ఇలాంటి వాటికి వెళ్ళేవాళ్ళు పోస్టరులో మొహం చూసి కొనకండి, మూడున్నరకి ఎవరున్నారో చూడండి. ఒక్క రోజు పాస్ చాలు. పట్టీలో వెయ్యి మించి వేయకండి. రూము మెట్రో స్టేషన్ పక్కనే చూసుకోండి, లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. తెలుగు మాట్లాడాడని మెత్తబడకండి.

సోమవారం ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ వెయ్యిలో 700 చేతిలో పెట్టాడు మదనపల్లి అబ్బాయి. అప్పుడే విభూతి మరక సంగతి చెప్పాడు. ఉతికితే పోతుంది కదయ్యా అంటే "పోతుందక్కా, ఉతకడానికే మున్నూరు" అన్నాడు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల దాటాక ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఐదు స్టార్లు ఇవ్వమని. ఎన్నివ్వమంటారని నాన్నని అడిగా. ఆయన టిఫిన్ డబ్బా మీద ఆదితాళం వేసుకుంటూ, స్టీలు గ్లాసుని మూత మీద అటూ ఇటూ జార్చి చూస్తున్నారు.

"గీజర్ తిప్పితే గాలొచ్చె అని రాయి. రెండుసార్లు రాయి."