వేరుశనగ క్రాఫ్ట్ కిట్: ఐడియాలు బాగున్నాయి, పెట్టె మాత్రం దండగ

సెలవుల్లో పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవాలంటే బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా, అందుకని ఆన్‌లైన్‌లో 699 రూపాయలు పెట్టి ఈ కిట్ తెప్పించాను. కంపెనీ పేరు రాయను, రిఫండ్ గొడవ ఇంకా నడుస్తోంది. ఓ కవర్ నిండా వేరుశనగ కాయలు, నీళ్ళ రంగులు, జిగురు, చిక్కీ, లడ్డూ ఎలా చేయాలో చెప్పే కార్డులు, మొక్క పెంచుకోమని చిన్న కుండీ, పొట్లంలో గింజలు, ఇంతే సరుకు.

బాగున్నవి వేలిబొమ్మలు. కాయని అడ్డంగా కోసి (ఆ పని మనదే, బ్లేడు వాళ్ళకి ఇవ్వొద్దు) గింజ తీసేసి, డొల్లని వేలికి తొడిగి మొహం గీస్తే బొమ్మ రెడీ. మా చిన్నది ఒకదానికి పసుపు దారం చుట్టి పెళ్ళికూతురంది, ఇంకోదానికి నల్ల మీసం గీసి పెళ్ళికొడుకంది, సాయంత్రం దాకా ఆ పెళ్ళి జరుగుతూనే ఉంది, భోజనాలకి మమ్మల్నీ పిలిచారు. పెద్దవాడి వేలికి డొల్ల పట్టలేదు, వాడు నడుము సన్నగా ఉన్న రెండు గింజల కాయలు ఏరుకుని కబడ్డీ టీమ్ తయారుచేశాడు. రంగులు మాత్రం వేస్ట్. పెంకు నీళ్ళ రంగుని పీల్చేసుకుంటుంది, స్కెచ్ పెన్ గీత పాకిపోతుంది. ఇంట్లో ఉన్న ఆక్రిలిక్ రంగు, మామూలు బాల్ పెన్నుతో పని జరిగింది.

అసలు కోపం వచ్చింది మొక్క దగ్గర. పొట్లం విప్పితే పొట్టు తీసేసిన బద్దలు, పైగా వేయించిన వాసన! వేయించిన బద్ద ఎక్కడైనా మొలుస్తుందా? విత్తనానికి పచ్చి గింజ కావాలి, ఎర్ర పొట్టు ఊడకుండా, మొన దెబ్బతినకుండా ఉండాలి. చివరికి మార్కెట్లో పచ్చి కాయలు కొని, ఒలిచి, పెద్ద కుండీలో పెట్టాం, మొలిచాయి. నెల అటూ ఇటూగా పసుపు పూలు పూస్తాయి, ఆ తర్వాత ఊడలు మట్టిలోకి దిగి అక్కడ కాయ కడతాయి, అందుకే వెడల్పాటి కుండీ కావాలి, వాళ్ళిచ్చిందేమో టీ గ్లాసంత ఉంది. వేరుశనగ బాగా పండే కదిరి వైపు పిల్లలకి ఇదంతా చెప్పక్కర్లేదు గానీ, ఫ్లాట్లో పెరిగిన మావాళ్ళు పువ్వు పైన, కాయ కింద అంటే నన్ను అనుమానంగా చూశారు.

ఇక తిండి సంగతి. చిక్కీ కార్డు మీద 'పిల్లలే చేసుకోవచ్చు' అని రాశారు, ఎవరు రాశారో గానీ ఎప్పుడూ పాకం పట్టి ఉండరు. ముదురు పాకం మరిగే నీళ్ళకంటే చాలా వేడి, చేతి మీద పడితే అతుక్కుపోతుంది. పిల్లలకి లడ్డూయే సరి. పల్లీలు దోరగా వేయించి ఇచ్చేస్తే పొట్టు నలిపి, చేటలో చెరిగే పని వాళ్ళదే (బాల్కనీ అంతా పొట్టే, అది ముందే ఒప్పుకోవాలి). తర్వాత బెల్లం తురుము, కాస్త యాలకుల పొడి వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పితే, పల్లీల నూనెకే ఉండ కడుతుంది, నెయ్యి కూడా అక్కర్లేదు. ఆపకుండా తిప్పితే ముద్దయిపోతుంది, అప్పుడు బ్రెడ్ మీద రాసుకోవడమే. ఉడకబెట్టిన పల్లీల్లో ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండే చాట్ కూడా పూర్తిగా వాళ్ళ చేతుల మీదే అయిపోతుంది.

కిట్‌లో ఇచ్చిన కాయల్లో కొన్ని నల్లబడి, బూజు పట్టి ఉన్నాయి. అలాంటివి తినకూడదు, వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు. మొత్తం పారేశాను.

ఐదుకి రెండు స్టార్లు, రెండూ వేలిబొమ్మలకే. కిలో కాయలు, ఫెవికాల్ డబ్బా కొనుక్కుంటే ఇందులో ఉన్నవన్నీ చేసుకోవచ్చు. పుట్టినరోజు గిఫ్ట్‌గా ఇద్దామనుకునేవాళ్ళు మాత్రం ఆ పిల్లకి వేరుశనగ అలర్జీ ఉందేమో ముందు వాళ్ళ అమ్మని అడగండి, పెట్టె మీద ఆ హెచ్చరిక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నాలుగేళ్ళ లోపు వాళ్ళున్న ఇంట్లో గింజలు నేల మీద వదలొద్దు, గొంతులో అడ్డం పడతాయి.