మార్పిడి బటన్ పోయాక తెలిసిన మార్వెల్ కాస్మిక్ ఇన్వేజన్

మార్వెల్ కామిక్స్ హీరోలు శత్రువుల్ని కొట్టుకుంటూ పోయే ఈ వీడియో గేమ్‌లో నన్ను కట్టిపడేసింది ఒకే ఒక్క బటన్, హీరోని మార్చేది. పిక్సెల్ బొమ్మలు, సంగీతం, పదిహేను మంది హీరోలు... అవన్నీ మీరు ట్రైలర్‌లోనే చూసుంటారు. 2025 డిసెంబరులో వచ్చింది, మేం సంక్రాంతికి కొన్నాం, వేసవి సెలవులొచ్చినా ఇంకా ఆడుతున్నాం. కథ కోసమైతే కాదు. అన్నిహిలస్ అనేవాడు పురుగుల సైన్యాన్ని వెంటేసుకుని వస్తాడు, న్యూయార్క్ వీధుల నుంచి నెగటివ్ జోన్ అనే వేరే లోకం దాకా వాళ్లని తన్నుకుంటూ పోవాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే రాత్రి భోజనాలకి అయిపోతుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసువాళ్లకి ఇలాంటి ఆటంటే ముస్తఫానే. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని మాలో ఎవరికీ తెలీదు. వీడియో గేమ్ కొట్లో రూపాయి బిళ్ల వేయడం, అందులోని ముస్తఫా అనే హీరో నాకంటే నాకని కొట్టుకోవడం. నలుగురు హీరోలున్నా మిగిలిన ముగ్గురి మొహం చూసినవాడు లేడు. వాడు చచ్చాడా, ఇంకో రూపాయి.

ఇక్కడ ఆ గొడవ సగం తీరిపోయింది. ప్రతి ఆటగాడూ ఇద్దరు హీరోలని పెట్టుకుంటాడు. ఒకరు తెర మీద కొడుతుంటే రెండోవాళ్లు బయట ఉంటారు. బటన్ నొక్కితే వాళ్లొచ్చి వీళ్లు పోతారు, అదీ దెబ్బల మధ్యలోనే. లేదంటే, నువ్వు మారకుండానే, రెండోవాళ్లని పిలిచి ఒక దెబ్బ కొట్టించి పంపేయొచ్చు. కాబట్టి ఒకర్ని ఇష్టానికి, ఒకర్ని పనికి పెట్టుకోవచ్చు. మా అక్క కొడుకు స్పైడర్‌మ్యాన్‌ని వదిలే రకం కాదు, పక్కన కెప్టెన్ అమెరికాని పెట్టుకున్నాడు. నేను ఐరన్ మ్యాన్, షీ హల్క్. పైన ఎగిరే పురుగుల్ని ఐరన్ మ్యాన్ చూసుకుంటాడు, కింద గుంపుగా వచ్చినవాళ్లని షీ హల్క్ పట్టుకుని విసిరేస్తుంది. తన మీదికొచ్చిన ఒకణ్ని ఆమె పైకి లేపగానే నేను మార్చేస్తాను, వాడు కింద పడకముందే ఐరన్ మ్యాన్ గాల్లోనే అందుకుంటాడు. అది మొదటిసారి కుదిరిన రోజు ఇద్దరం లేచి గంతులేశాం. మా అమ్మ లోపల్నించి తిట్టింది.

మొదట్లో ఎవరు అడిగినా ఇదే చెప్పాను: ఈ మార్పిడి ఒక్కటి చాలు, కొనేయండి అని. ఇప్పుడు కొంచెం ఆగి చెప్తాను.

ఎందుకంటే మార్చిలో మా మేనల్లుడుగారి కంట్రోలర్‌లో సరిగ్గా ఆ బటనే పోయింది. మిగిలినవన్నీ బంగారంలా ఉన్నాయి. ఇది పోవడంలో వింతేం లేదు, వాడు దాన్ని వాడిన తీరు అలాంటిది. దెబ్బ తగిలితే మార్పు. తగలబోతుందేమో అనిపిస్తే మార్పు. బస్సులో ఎండ పడితే పక్క సీటుకి జరిగినట్టు, స్పైడర్‌మ్యాన్ నుంచి కెప్టెన్‌కి, మళ్లీ అటు, మళ్లీ ఇటు. "మావయ్యా, మార్చీ, నువ్వు కూడా మార్చీ!" అని నా మీద కూడా కేకలు.

సర్వీస్ సెంటర్ అంటే విశాఖకో భువనేశ్వరానికో పంపాలి. కొత్తది కొందామంటే పరీక్షల ముందు వద్దని అక్క ఖరాఖండిగా చెప్పేసింది. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడున్నాడు, పాతపట్నం నుంచి రోజూ వస్తాడు. విప్పి చూసి, "ఏటన్నా, ఇంతలా తొక్కేసినారు? లోపల స్విచ్చే పోనాది" అన్నాడు. ఆ సైజు స్విచ్ దొరికేదాకా ఆగమన్నాడు.

ఆ కొన్నాళ్లూ వాడికి ఒక్కడే హీరో. ఏ హీరోతో మొదలుపెడితే వాడితోనే ఆట. స్పైడర్‌మ్యాన్‌తో దిగి రెండు నిమిషాల్లో పోయాడు. "ఇది మోసం మావయ్యా" అని కంట్రోలర్ పరుపు మీద పడేశాడు. మర్నాడు కెప్టెన్‌తో దిగాడు. అప్పటిదాకా ఆ డాలు ఎందుకుందో వాడు పట్టించుకోలేదు, విసరడానికే అనుకున్నాడు. పారిపోయే దారి మూసుకుపోయేసరికి చూడటం మొదలుపెట్టాడు. ఎదుటివాడు చెయ్యి వెనక్కి లాగుతాడు, అప్పుడు కాదు. ముందుకి తెస్తాడు, అప్పుడు డాలు అడ్డం. రెండు రోజులపాటు మరీ ముందే నొక్కీ, మరీ ఆలస్యంగా నొక్కీ దెబ్బలు తిన్నాడు. తర్వాత చెయ్యి కుదిరింది. డాలు ఆపగానే తిరిగి కొట్టడం, మళ్లీ ఆపడం. కేకలు ఆగిపోయాయి, నాలుక కొస బయటపెట్టి తెర వంకే చూస్తూ ఆడేవాడు. నా హీరో రెండుసార్లు కిందపడినా వాడు నిలబడే ఉన్నాడు.

వాడికి తోడుగా నేనూ మార్పిడి మానేశాను. నా దిగులు అక్కడ మొదలైంది. షీ హల్క్ ఒక్కదానితో ఆడితే పట్టుకోవడం, విసరడం, మళ్లీ పట్టుకోవడం. గంటయ్యేసరికి చెయ్యి దానంతటదే పోతోంది, బుర్ర అక్కర్లేదు. ఐరన్ మ్యాన్ కూడా అంతే, ఎగరడం, పేల్చడం. పదిహేను మంది అని మురిసిపోయాం గానీ, విడివిడిగా చూస్తే ఒక్కొక్కరి దగ్గర ఉన్న సరుకు తక్కువే. జత కట్టి, ఒకరి దెబ్బ మధ్యలోకి ఇంకొకర్ని దించితేనే మజా. అంటే ఎవరితో ఎవరికి కుదురుతుందో వెతుక్కునే ఓపిక ఉండాలి. ఒక్క హీరోనే పట్టుకుని ఊరేగే ముస్తఫా భక్తులకి ఈ ఆట త్వరగానే చప్పబడుతుంది.

కుర్రాడు చివరికి ఒక పాత మౌస్‌లోంచి స్విచ్ తీసి అతికించాడు. ఇప్పుడది గట్టిగా టక్కుమంటుంది, వాడు ఎప్పుడు మార్చాడో వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. కానీ ఆ టక్కు ఇప్పుడు చాలా తక్కువగా వినిపిస్తుంది, అదే ఆశ్చర్యం. కెప్టెన్‌తో ఆపుతాడు, ఎదుటివాడు తూలిన క్షణంలో టక్, స్పైడర్‌మ్యాన్ దిగి గాల్లోకి లేపుతాడు. ఇంతకు ముందు తప్పించుకోవడానికి నొక్కిన బటన్‌ని ఇప్పుడు కొట్టడానికి నొక్కుతున్నాడు. ఈ తేడా గేమ్ మొదట్లోనే ఎందుకు నేర్పదో నాకు అర్థం కాదు. ఎవరు ఎగురుతారు, ఎవరు అడ్డుకుంటారు, ఎవరు పక్కకి తప్పుకుంటారు అన్నది చూసుకుని జత కట్టే లెక్క మనమే తేల్చుకోవాలి. పదేళ్ల పిల్లాడికి బటన్ విరిగితే గానీ తెలియలేదు మరి.

నలుగురితో ఆడొచ్చు. సెలవుల్లో పక్కింటి ఒడియా అన్నదమ్ములు వస్తారు, చిన్నవాడు మా వాణ్ని భాయ్‌నా (అన్నా) అంటూ వెనకే తిరుగుతాడు. నలుగురికి ఎనిమిది మంది హీరోలు. హడావిడి బాగుంటుంది, నవ్వుకుంటాం, కానీ ఆ గుంపులో నా హీరో ఎక్కడున్నాడో నాకే తెలీదు. మార్పిడి సొగసంతా అక్కడ కొట్టుకుపోతుంది, అందరూ అన్నీ నొక్కేస్తారు. నా మటుకు ఇది ఇద్దరి ఆట.

ఆన్‌లైన్ గురించి నేను చెప్పేది తక్కువ. విజయనగరంలో ఉన్న బావతో ప్రయత్నించాను. మా వీధి నెట్‌తో అడ్డుకోవడం అనేది దైవాధీనం. పైగా ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలబైశాఖి, అదే వేసవి గాలివాన, లేచిందంటే కరెంటే ఉండదు, ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిప్పాలా టీవీ పెట్టాలా అన్న ప్రశ్నకి మా ఇంట్లో నాన్నగారే జవాబు చెప్తారు.

కొనమనాలా, వద్దనాలా? ఇంట్లో పక్కన కూర్చుని ఆడే మనిషీ, రెండు కంట్రోలర్లూ ఉంటే కొనొచ్చు. నాకు రెండూ ఉన్నాయి, పైగా జూన్‌లో వాడు వాళ్ల ఊరు వెళ్లిపోయేదాకా ఆటకి కొరత లేదు. ఆ తర్వాత నేను ఒక్కణ్నే పెట్టుకుని కూర్చుంటానా అంటే, ఏమో, ఆర్కేడ్ మోడ్ అప్పుడప్పుడూ తిప్పుతానేమో. ఒంటరిగా ఆడేవాళ్లయితే ధర తగ్గేదాకా చూడండి. చిన్నపిల్లలకి కొనిచ్చేవాళ్లు మాత్రం ఓ వారం మార్పిడి లేకుండా ఆడమని చెప్పి చూడండి, ఏడుస్తారు, పట్టించుకోకండి.