పసుపు బెల్టు: 3 టన్నుల వెబ్ స్లింగ్ చాలాకాలం వాడాక

వర్క్‌షాప్‌లో మోటార్లు, గేర్‌బాక్సులు, పంపు కేసింగులు ఎత్తడానికి నా చేతికి బాగా అలవాటైంది రెండు చివర్లా లూపులున్న పాలిస్టర్ వెబ్ స్లింగ్, అంటే బరువులు ఎత్తే నేత పట్టీ. మా వాళ్లకి అది బెల్టే. అంతే బరువు ఎత్తే చైన్ స్లింగును భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కినవాళ్లకి దీని సుఖం వేరే చెప్పక్కర్లేదు. మెషినింగ్ అయిన షాఫ్ట్ మీద గీత పడదు. పాత వైర్ రోప్‌లో తెగిన తీగలు గుచ్చుకున్నట్టు చేతికి ఏదీ గుచ్చుకోదు.

యూరప్ ప్రమాణంలో బెల్టు రంగే అది ఎత్తగల బరువు చెబుతుంది: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, బూడిద రంగు 4, ఎరుపు 5. నా బెల్టు నేతలోనే మూడు నల్ల గీతలున్నాయి, గీతకో టన్ను. అయితే ఆ 3 టన్నులు బెల్టు నిటారుగా వేలాడినప్పుడే. చోకర్ వేస్తే, అంటే ఒక లూపులోంచి రెండోది దూర్చి బిగిస్తే, 2.4 టన్నులే. బాస్కెట్‌గా కింద నుంచి చుట్టి రెండు లూపులూ నిటారుగా పైకి తెస్తే 6. ఆ రెండు వైపులూ నిలువు నుంచి 45 డిగ్రీల దాకా తెరుచుకుంటే 4.2కి దిగుతుంది. ఇదంతా లేబుల్ మీదే ఉంటుంది.

నా అసలు ఫిర్యాదు ఆ లేబుల్ గురించే. బెల్టు ఇంకా గట్టిగానే ఉంటుంది, నూనె, రాపిడి తగిలి అక్షరాలు మాత్రం ముందే పోతాయి. చదవలేని లేబుల్ ఉన్న బెల్టుని పక్కన పడేయాల్సిందే. స్టోర్‌వాళ్లు గొణుగుతారు, గొణగనీ.

కొనేటప్పుడు పొడవు దగ్గర పిసినారితనం వద్దు. రెండు బెల్టులతో 2 టన్నుల బరువు ఎత్తుతున్నాం అనుకోండి. నేలకి 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద 1.15 టన్ను పడుతుంది. 45 అయితే 1.41. పొట్టి బెల్టులతో 30 డిగ్రీలకి పడుకోబెడితే ఒక్కోదాని మీదా పూర్తి 2 టన్నులు! ‘సేఫ్టీ ఫ్యాక్టర్ 7 ఉందిగా, ఇంకొంచెం ఎత్తినా ఏం కాదు’ అనేవాళ్లతో నాకు పడదు. సేఫ్టీ ఫ్యాక్టర్ 7 అంటే లేబుల్ మీది బరువుకి ఏడు రెట్ల బలం. ఆ మార్జిన్ కుదుపులకీ అరుగుదలకీ, మన బద్ధకానికి కాదు.

దీనికి పదునైన అంచంటే అస్సలు పడదు. ఫ్లాంజ్ (బోల్టులు బిగించే చక్రంలాంటి అంచు) మీద కార్నర్ ప్యాడ్, అంటే మూలకి అడ్డుపెట్టే మెత్త, లేకుండా బరువు వేస్తే, బెల్టు కాస్త జరిగినా చాలు, కోత పడుతుంది. బల్లమీద పరిచి చూస్తే ఆ కోత కనపడకపోవచ్చు. జానెడు జానెడుగా మడుస్తూ వెళ్తే మడత దగ్గర నోరు తెరుస్తుంది. వెల్డింగ్ నిప్పురవ్వలు పడ్డచోట నేత కరిగి, వేలికి గాజులా గట్టిగా తగులుతుంది. అలాంటిది కనిపిస్తే వాడకండి.

100 డిగ్రీల సెల్సియస్ దాటే వేడి దగ్గరా, కాస్టిక్ లాంటి క్షారాలు తగిలేచోటా పాలిస్టర్ పనికిరాదు. వేడి కాస్టింగులకి (పోత పోసిన లోహపు భాగాలకి) నేను ఇప్పటికీ గ్రేడ్ 80 చైనే, అంటే బరువులెత్తే గట్టి ఉక్కు గొలుసే, తీస్తాను. మిగతా రోజువారీ పనికి ఈ బెల్టే. ఈసారి మాత్రం పొడవైనదీ, రాపిడి తగలకుండా స్లీవ్ (పై తొడుగు) ఉన్నదీ కొంటాను.