పోస్టు తీసేస్తే ఎవరికి చెప్పుకోవాలి? జీఏసీ అప్పీలు సేవపై సమీక్ష

సామాజిక మాధ్యమ సంస్థ పోస్టును తొలగించగానే చాలామంది వాక్, భావ ప్రకటన స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణాన్ని తలుచుకుంటారు. ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వం నుంచి రక్షణ కోసం ఏర్పడింది. ప్రైవేటు వేదిక మాత్రం, గోడకు మేకు కొట్టవద్దని చెప్పే ఇంటి యజమానిలా, తన షరతులను తానే రాసుకుంటుంది. కోర్టు మెట్లెక్కకుండా ఆ యజమానిని ప్రశ్నించడానికి మన దేశంలో ఉన్న మార్గం ఫిర్యాదుల అప్పిలేట్ కమిటీ, అంటే జీఏసీ. 2022 అక్టోబరులో ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనలను సవరించి దీన్ని తెచ్చారు. 2023 మార్చి 1 నుంచి మూడు కమిటీలు ఆన్‌లైన్‌లోనే అప్పీళ్లు స్వీకరిస్తున్నాయి.

నా దృష్టిలో ఈ సేవకు బలం కమిటీకన్నా ఎక్కువగా నిబంధనల నుంచే వస్తోంది. 14 (సమానత్వం), 19 (స్వేచ్ఛలు), 21 (జీవించే హక్కు) అధికరణాల కింద పౌరులకున్న హక్కులను సంస్థలు గౌరవించాలని ఆ సవరణలోనే రాశారు. 19, 21 అధికరణాల హక్కులను ప్రభుత్వేతరులపైనా అమలు చేయవచ్చని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 4–1 మెజారిటీతో చెప్పింది. ఇక దేశంలో 50 లక్షలకు మించి నమోదిత వినియోగదారులున్న సామాజిక మాధ్యమ సంస్థ తనంతట తాను పోస్టు తొలగించదలిస్తే, కారణాన్ని ముందుగా తెలిపి, ఆ చర్యను ప్రశ్నించే అవకాశమివ్వాలని ఐటీ నిబంధనల్లోని 4(8) నిబంధన కోరుతోంది. అందువల్ల “మా ప్రమాణాలకు విరుద్ధం” అన్న ఒక్క ముక్కతో సరిపెట్టిన సంస్థను, ఏ ప్రమాణానికి, ఏ వాక్యం విరుద్ధమో చెప్పమని అప్పీలులో నిలదీయాలి. వాక్ స్వాతంత్ర్యంపై ఆవేశంగా రాసిన నాలుగు పేజీలకన్నా ఆ ప్రశ్నకే బరువు ఎక్కువ.

యాప్‌లో పునఃపరిశీలన మీట నొక్కి ఊరుకోకుండా, సంస్థ ఫిర్యాదుల అధికారికి విడిగా రాసి, ఆ ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకోవడం అవసరం. ఆయన 24 గంటల్లో అందినట్టు తెలిపి, సాధారణంగా 7 రోజుల్లో (2026 ఫిబ్రవరి సవరణకు ముందు 15 రోజులు) తేల్చాలి. ఆ నిర్ణయం అందిన 30 రోజుల్లోపు మనం అప్పీలు చేయాలి. కమిటీ మరో 30 రోజుల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నుంచి అడ్మిన్ తొలగించిన తగాదాలకు ఇది చోటు కాదు.

నాకున్న అభ్యంతరం కమిటీల కూర్పు మీదే. ప్రతి కమిటీలోని ముగ్గురిలో ఒకరు పదవి రీత్యా వచ్చే ప్రభుత్వాధికారి. స్వతంత్రులుగా చెప్పే ఇద్దరినీ నియమించేది కేంద్రమే. నకిలీ ఖాతా, పరువు తీసే వీడియో వంటి వాటికి ఈ మార్గాన్ని సందేహం లేకుండా సూచిస్తాను. ప్రభుత్వాన్ని విమర్శించినందుకు పోయిన పోస్టు విషయంలో మాత్రం, విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన, నియామకాల్లో ప్రభుత్వ ప్రమేయం లేని కమిటీ వచ్చేవరకు, హైకోర్టునే ఆశ్రయించమంటాను.