హోటల్ బిల్లింగ్: కౌంటర్ కంప్యూటరా, క్లౌడా?

మాది కావలిలో భోజనం హోటలు. మొదట్లో కౌంటర్ కంప్యూటర్లోనే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఒక్కసారి డబ్బు కడితే అయిపోయేది, నెట్ లేకపోయినా బిల్లు వచ్చేది. కానీ హార్డ్ డిస్క్ పోయినాక 5 శాతం జీఎస్టీ లెక్క కోసం రెండు రాత్రులు బిల్లు కాపీలు ముందరేసుకుని కూర్చున్నాం, అక్షరాలు సగం వెలిసిపోయినాయి.

క్లౌడ్‌లో లెక్క మన మిషన్లో ఉండదు, ఇంటర్నెట్ అవతల సర్వర్లలో ఉంటాది, దానికి అద్దె కడతా ఉండాలి. సప్లయర్ టేబుల్ దగ్గరే ఫోన్లో చేపల పులుసు నొక్కితే వంటింట్లో చీటీ వచ్చేస్తాది, నేను నెల్లూరులో సరుకులు కొంటా ఉన్నా అమ్మకం కనిపిస్తాది. నెట్ పోతే ఇబ్బందే, అందుకే ఆఫ్‌లైన్లో కూడా బిల్లు కొట్టి తర్వాత ఎక్కించేదే తీసుకోండి.

ఒక్క కౌంటరే అయితే పాతదే చాలు, కాకపోతే రోజూ పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసి ఇంటికి పట్టుకెళ్ళండి.