స్పిట్‌ఫైర్ అసలు రంగు ఎక్కడ దొరుకుతుంది: పాత ఫోటోలోనా, మ్యూజియంలోనా, పెయింట్ చిప్‌లోనా?

నేనిప్పుడు 1/72 స్కేల్లో, అంటే అసలులో డెబ్భై రెండో వంతు సైజులో, కడుతున్న ప్లాస్టిక్ మోడల్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ మార్క్ 8, అది కూడా బ్రిటిష్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్) 152 స్క్వాడ్రన్‌ది. ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది, నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా పెట్టిన పేరది, బ్యాడ్జి మీద కూడా నిజాం తలపాగానే. 1940లో ఇంగ్లండ్ దక్షిణాన వార్మ్‌వెల్ నుంచి ఎగిరారు, 1943 చివర్లో మన దేశానికొచ్చి బర్మా ఫ్రంట్‌కెళ్ళారు. అక్కడ వాళ్ళ విమానాల పక్కన రౌండెల్ (దేశం గుర్తుగా వేసే గుండ్రటి వలయాలు) మీదుగా దూకుతున్న నల్ల చిరుతబొమ్మ ఉండేది, ఆ బొమ్మ చూసే కిట్ కొన్నా. చిరుత సరే కిట్‌తో వచ్చే డెకాల్‌లో, అంటే అంటించే బొమ్మల్లో, వస్తుంది, మరి దాని కింద రంగో? పైన డార్క్ గ్రీన్ ఖాయం, దాని పక్కన ఉండే రెండో రంగు ఓషన్ గ్రేనా డార్క్ ఎర్తా, అంటే బూడిదా మట్టిరంగా అన్నదే గొడవ. రెండూ గట్టిగా వాదించేవాళ్ళున్నారు. దీనికోసం వెతుకుతూ వెతుకుతూ ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో నాకంటూ ఒక లెక్క కుదిరింది, అదే రాస్తున్నా.

ముందు బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు. బ్లాక్ అండ్ వైట్‌లో రంగేం తెలుస్తుందిలే అని పక్కన పెట్టేయకండి, అలాగని బూడిద షేడ్ చూసి ఇది ఫలానా రంగు అని తేల్చేయకండి. ఫిల్మ్ ఏంటో తెలియాలి. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ ఎరుపుని దాదాపు చూడదు, ఎరుపు నల్లగా పడుతుంది, పసుపు కూడా ముదురుగానే వస్తుంది, నీలం మాత్రం తేలిపోతుంది. 1940 ఫోటోలు కొన్నిట్లో రౌండెల్ బయటి పసుపు రింగు నల్లగా కనపడేది అందుకే. అదే ఫిల్మ్ మీద మట్టిరంగు ముదిరి డార్క్ గ్రీన్‌లో కలిసిపోతుంది, నీలం పాలున్న ఓషన్ గ్రే తేలికై పచ్చ నుంచి విడిగా కనపడుతుంది. ఎరుపుతో సహా అన్ని రంగుల్నీ పట్టే పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ అయితే లెక్క మారిపోతుంది. బర్మా విమానాలకి వచ్చేసరికి ఇంకో చిక్కు, జపాన్ ఎర్ర గుండ్రంతో పొరబడకూడదని రౌండెల్‌లో ఎరుపే తీసేశారు, ముదురు నీలం లేత నీలం రెండే మిగిల్చారు, కాబట్టి ఫిల్మ్ ఏదో పట్టుకోవడానికి రౌండెల్ పనికిరాదు. నేను పక్కన నిలబడ్డ మనుషుల్ని చూస్తా, పెదాలూ ఎండకి కమిలిన మొహాలూ మరీ నల్లగా ఉంటే ఆర్థో అని అనుమానం.

ఫోటోకి ఎదురులేని చోటు మార్కింగ్స్. చిరుత ఎంత సైజు, కోడ్ అక్షరాలు ఎక్కడ, రెక్కల మీదా తోక మీదా తెల్ల పట్టీలు ఉన్నాయా లేవా, ఇవి ఏ ఆర్డరూ ఒక్కో విమానానికి చెప్పదు. ఆ తెల్ల పట్టీలు 1945 మొదట్లో వచ్చాయి, అంటే ఫోటో తేదీ మారితే మీ మోడల్ మారిపోతుంది.

కలర్ ఫోటో దొరికితే పండగే అనుకుంటాం. కొడాక్రోమ్ అనే కలర్ స్లైడ్ ఫిల్మ్ చీకట్లో జాగ్రత్తగా దాస్తే బాగానే నిలుస్తుంది, కానీ మన చేతికొచ్చేది స్లైడ్ కాదు కదా, ఎవరో స్కాన్ చేసి ఎవరో కాంట్రాస్ట్ పెంచిన ఫైలు, పైగా సాయంత్రం ఎండలో తీసుంటే బూడిద కూడా మట్టిలా కనపడుతుంది. ఇక ఈమధ్య సాఫ్ట్‌వేర్‌తో రంగులేసిన ఫోటోలు, దయచేసి వాటి జోలికెళ్ళకండి, అందులో రంగు సాక్ష్యం కాదు, ఊహ. అవి చూసి పెయింట్ కొన్న కుర్రాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మ్యూజియం విమానం చూడ్డానికి వెళ్ళాలి, తప్పకుండా వెళ్ళాలి. ఢిల్లీ పాలంలో స్పిట్‌ఫైర్ దగ్గర నిలబడితే రెక్క మందం, ప్యానెల్ లైన్లు, చక్రాల గుంత ఎలా ఉంటుందో తెలుస్తుంది. కానీ రంగు కోసం కాదు. అలాంటి విమానాలకి ఎన్నోసార్లు కొత్త పెయింట్ పడుతుంది. పైపొరలు మెల్లగా అరగదీస్తేనో, ఎండ తగలని మూలల్లో, నేమ్‌ప్లేట్ల కింద చూస్తేనో యుద్ధకాలపు పొర దొరకొచ్చు, ఆ పని రిస్టోరేషన్ వాళ్ళది, మన ఫోన్ కెమెరాది కాదు.

నా ఓటు అప్పటి అధికారిక కాగితాలకీ, చిప్స్‌కీ, అంటే స్టాండర్డ్ రంగు వేసిన నమూనా ముక్కలకీ. బ్రిటిష్ వాళ్ళు ప్రతి రంగుకీ స్టాండర్డ్ పెట్టారు, 1941 ఆగస్టులో పగటి ఫైటర్లకి డార్క్ ఎర్త్ తీసేసి ఓషన్ గ్రే పెట్టారు, కింద మీడియం సీ గ్రే. ఓషన్ గ్రే అందని చోట ఏడు పాళ్ళ మీడియం సీ గ్రేలో ఒక పాలు నలుపు కలిపి కానిచ్చారు. రంగు అసలు ఎలా ఉండేదో చెప్పడంలో చిప్‌ని మించింది లేదు, కానీ ఈ విమానానికి అదే వేశారా అంటే చిప్ చెప్పదు, అక్కడ మళ్ళీ ఫోటో దగ్గరికే రావాలి. నంబర్ల విషయంలో ఒక మాట, బ్రిటిష్ స్టాండర్డ్ 381సిలో డార్క్ గ్రీన్ 641, డార్క్ ఎర్త్ 450, మీడియం సీ గ్రే 637, వీటిని పట్టుకోండి. అమెరికా వాళ్ళ ఎఫ్ఎస్ 595 నంబర్లు యుద్ధం అయ్యాక 1956లో వచ్చినవి, ఆర్ఏఎఫ్ రంగులకి అవి దగ్గరి పోలికలు మాత్రమే.

కిట్ కాగితం, సీసా మీద పేరు అన్నిటికన్నా కింద. ఒకే ఓషన్ గ్రే అని రాసున్న మూడు సీసాలు తెచ్చి ప్లాస్టిక్ స్పూన్ల మీద కొట్టి చూశా, మూడూ మూడు రకాలు. టామియా కంపెనీ మోడల్ పెయింట్లలో ఆర్ఏఎఫ్ రంగుల కోసమని ఎక్స్ఎఫ్-81, 82, 83 ఉన్నాయి, మొదలెట్టడానికి అవి హాయి, అయినా ఆరాక చిప్ పక్కన పెట్టి కిటికీ వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైట్ కింద కలిసిన రెండు రంగులు పగటి వెలుతురులో విడిపోతాయి.

మరి నా చిరుత విమానం? మార్క్ 8లు తయారయ్యేనాటికి పగటి ఫైటర్ల రంగు పచ్చ-బూడిద అయిపోయింది, కాబట్టి మళ్ళీ రంగేశారని ఆ ఒక్క విమానానికి ఆధారం దొరికితే తప్ప నేను ఓషన్ గ్రే వైపే. డార్క్ ఎర్త్ స్పూన్ మాత్రం పారేయలేదు, 1940 వార్మ్‌వెల్ విమానం కట్టేటప్పుడు అదే కావాలి.